లోపల వదిలిన అంగుళం

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. కరెంటు బిల్లు తెచ్చే మనిషి కూడా "అంగుళమ్మగారూ" అనే పిలుస్తాడు. మెట్ల కింద గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని ఇరవై ఏడేళ్లుగా బట్టలు కుడుతోంది. ఎవరి బట్ట కుట్టినా పక్క కుట్ల లోపల ఒక అంగుళం గుడ్డ మిగల్చందే ఆమె కత్తెర ముందుకు కదలదు.

"ఇంత గుడ్డ లోపల దండగ కదమ్మా, ఉబ్బెత్తుగా కనపడుతోంది" అని కొత్తగా వచ్చినవాళ్లు విసుక్కుంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"మనిషన్నాక పెరగడం తరగడం ఉంటాయి. రేపు పట్టకపోతే మళ్లీ నా దగ్గరికే వస్తారు. అప్పుడు దండం పెడతారులెండి."

వాళ్లు తిరిగి వచ్చేవాళ్లు. దండం పెట్టేవాళ్లు కాదనుకోండి, ఆ అంగుళం మాత్రం పనికొచ్చేది. అలా ఆ పేరు స్థిరపడిపోయింది.

నవ్వులాటకు పెట్టిన పేరే గానీ దాని వెనక ఒక ఏడుపు ఉంది. ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు స్కూలు వార్షికోత్సవంలో పదిమందితో కలిసి పాటకు అడుగులు వేస్తూ ముందుకు వంగింది. నడుం పక్క కుట్టు పర్రున చిరిగింది. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న సొంత పిన్ని కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చెయ్యి ఆమెకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ ఏడాది ఒళ్లు ఎందుకు అలా వచ్చిందో ఆ పిల్లకు తెలియదు. తిండి పెరిగిందీ లేదు, ఆట తగ్గిందీ లేదు. నెలసరి మూడు నెలలకోసారి వచ్చేది, ఒక్కోసారి అయిదు నెలలు పట్టేది. గడ్డం కింద నాలుగు నల్లటి వెంట్రుకలు మొలిచాయి. "మన ఆడవాళ్ల ఒళ్లే అంత, ఎవరితోనూ అనకు" అని వాళ్లమ్మ తేల్చేసింది. దానికొక పేరుందనీ, చేయాల్సినవి కొన్ని ఉన్నాయనీ చెప్పే నాథుడు లేడు. కుట్టు నేర్చుకున్నాక ఆ వెంట్రుకల్ని మిషన్ దారంతోనే మెలేసి లాగేసేది. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు కడుపు పండలేదు. అత్తగారు పక్కింటివాళ్లకు వినపడేలా నిట్టూర్చేది. భర్త సిటీ బస్సు డ్రైవరు. మంచివాడే. కానీ ఆయన మంచితనమంతా ఊరుకోవడంలోనే ఉండేది. తల్లి నోరు మూయించలేక, భార్య కన్నీళ్లు చూడలేక, సెలవు రోజున కూడా డిపోకి వెళ్లి కూర్చునేవాడు.

తొమ్మిదేళ్ల తర్వాత ఎలాగో ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో బుజ్జి అన్నారు. అదే మిగిలిపోయింది.

బుజ్జికి పన్నెండేళ్లు నిండిన సంవత్సరం, ఒకరోజు పొద్దున్న స్కూలు యూనిఫాం వేసుకుంటూ ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, హుక్కు పెట్టుకోవడానికి తంటాలు పడింది. తల్లి వంటింటి గుమ్మంలోంచి చూసింది. పర్రుమన్న ఆ పాత చప్పుడు చెవిలో మళ్లీ వినిపించింది.

పిల్ల బడికి వెళ్లగానే దండెం మీదున్న రెండో యూనిఫాం తీసి పక్క కుట్లు విప్పింది. లోపల దాచిన అంగుళంలోంచి వేలి వెడల్పు గుడ్డ బయటికి తెచ్చి, కొత్త గీత మీద కుట్టి, పాత సూది కన్నాలు పూడుకునేలా నీళ్లు చల్లి గట్టిగా ఇస్త్రీ చేసింది.

మర్నాడు బుజ్జి హుక్కు ఇట్టే పడింది.

"అమ్మా, ఇది బాగుందే! నిన్నటిది బిగుసుకుపోయిందేంటి?"

"కొత్త గుడ్డ కదే, ఉతికితే అలాగే బిగుస్తుంది. అదే సర్దుకుంటుందిలే."

అంత తేలిగ్గా అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. తర్వాత ఆశ్చర్యపోవడం కూడా మానేసింది. ఆ పని ఏడేళ్లు చేసింది. గౌన్లు, స్కర్టులు, టాపులు అన్నీ ఆ గదిలోనే పుట్టి ఆ గదిలోనే రహస్యంగా పెరిగాయి. లోపలి గుడ్డ అయిపోతే అదే రంగులో కొత్తది కుట్టి పాతదాన్ని మాయం చేసేది. ఆ పిల్లకు తన బట్టలు బిగుతుగా ఉన్నాయన్న మాటే తెలియకుండా పెంచింది.

ప్రేమకు కళ్లుండవని అంటుంటారు. ఈమె విషయంలో ఆ మాట చెల్లదు. మెడలో టేపుంది, మిషన్ మీద బల్బుంది, ఏ యేడు ఎన్ని అంగుళాలో వేళ్ల మీద చెప్పగలదు. ఆమెకు అన్నీ కనపడ్డాయి. చూసి, కుట్టేసి, ఇస్త్రీ చేసింది. కూతురికి నెలసరి తప్పుతోందని తెలిసినప్పుడు కూడా "చిన్నపిల్ల, అదే దారిలో పడుతుంది" అంటూ, తన అమ్మ తనకు చెప్పిన మాటనే కొంచెం మెత్తగా చెప్పింది.

పందొమ్మిదో ఏట బుజ్జి ఒక కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగానికి కుదిరింది. నాలుగు నెలలు రాని నెలసరి ఒకసారి వచ్చి పద్దెనిమిది రోజులు ఆగలేదు. పద్దెనిమిదో రోజున ఒక ముసలాయనకు అద్దాలు పెట్టి అక్షరాలు చదివిస్తూ చదివిస్తూ కౌంటరు వెనక కూలబడిపోయింది.

స్కానింగ్ కాగితం చేతిలో పట్టుకుని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. దీన్ని పీసీఓఎస్ అంటారంది. అండం నెలనెలా సరిగ్గా విడుదల కాదట, హార్మోన్లు తారుమారవుతాయట, ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా దాని పని సరిగ్గా సాగదట. చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది, ఎవరి తప్పూ కాదంది.

"ఒళ్లు రావడం ఎప్పుడు మొదలైంది?"

"ఒళ్లు రాలేదండీ" అంది బుజ్జి. "బట్టలన్నీ నాకు ఎప్పట్లాగే పడుతున్నాయి."

డాక్టరమ్మ తల్లి వైపు చూసింది. తల్లి నేల వైపు చూసింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? మీకు?"

"లేదండీ."

డాక్టరమ్మ మాత్రలు రాసి, కాగితం పక్కన పెట్టింది. "మాత్రలు నేనిస్తాను. నడక మాత్రం నువ్వే నడవాలి. వారంలో కనీసం అయిదు రోజులు, రోజుకు అరగంట. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత జోరుగా నడవాలి. ఇంకో రెండు రోజులు గోడకు చేతులానించి వంగి లేవడం, నీళ్ల సీసాలు ఎత్తడం, అలాంటి బలమైన పనులు చెయ్యి. ఒక మాట గుర్తుపెట్టుకో. బరువు తగ్గినా తగ్గకపోయినా నడక లోపల మేలు చేస్తుంది. తూకం చూసో బట్టలు చూసో నిరాశపడొద్దు. నెలసరి వచ్చిన తేదీలు రాసుకో."

తల్లీకూతుళ్లు ఇద్దరూ తలూపారు. కానీ పాతికేళ్లు టేపుతో బతికిన మనిషికి తేదీలు ఏం చెబుతాయి? ఆమె లెక్కలో ఒంటి సంగతి అంగుళాల్లోనే తెలియాలి.

మర్నాటి నుంచి నడక మొదలైంది. ఇంటి నుంచి బస్సు డిపో గోడ వెంట, పాత మిల్లు దాటి, స్కూలు గేటు దాకా వెళ్లి రావాలి. మొదట ఆమె రానని మొరాయించింది.

"నాకెందుకే? రోజంతా మిషన్ తొక్కుతూనే ఉంటాగా!"

"ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటావు కదమ్మా. పద పద, చెప్పులేసుకో."

మిల్లు దగ్గరికొచ్చేసరికి తల్లికి తల ప్రాణం తోకకొచ్చేది. బుజ్జి వెనక్కి తిరిగి, "ఏదీ, పాట పాడు చూద్దాం" అనేది. ఆమె నోరు తెరిచి, గాలి చాలక, చెయ్యూపేది. "సరే, అయితే సరిగ్గానే నడుస్తున్నాం" అని నవ్వేది కూతురు. డిపో గేటు దగ్గర బస్సు బయటికి తీస్తున్న తండ్రి, వీళ్లను చూసి ఒకసారి హారన్ కొట్టేవాడు. నడుస్తూ వాళ్లు ఏవేవో మాట్లాడుకునేవారు. దుకాణంలో కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతుక్కున్న ఆవిడ గురించి, చొక్కా జేబు మరీ లోతుగా కుట్టారని గొడవపెట్టుకున్న పెద్దమనిషి గురించి. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వచ్చాయి. ఆమె బతుకులో అంత మంచి రోజులు అంతకుముందు లేవు, తర్వాతా లేవు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు మెట్ల దగ్గర మేడ మీదావిడ ఎదురై, బుజ్జిని పైనుంచి కిందికి చూసి, "ఇంకా నడుస్తున్నావామ్మా? ఎక్కడా తగ్గినట్టు లేదే!" అని నోరు జారేసి పోయింది. అలాంటివాళ్లకు నోరు ఉచితంగా దొరుకుతుంది మరి.

ఆ సాయంత్రం బుజ్జి చెప్పులు విప్పి మూలకు విసిరింది. దుకాణం పక్కనున్న తూకం మిషన్ మీద నిలబడి చూసుకుందట. ముల్లు కదల్లేదట.

"రేపట్నుంచి నేను రానమ్మా. అరవై రోజులు నడిచాను. ఏం లాభం?"

"డాక్టరమ్మ చెప్పింది కదే, లోపల..."

"లోపలున్నది నాకు కనపడదుగా!"

బుజ్జి గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి ఆ వీపు చూస్తూ కూర్చుంది. నడక ఆగిపోతే పిల్ల మళ్లీ ఏ కౌంటరు వెనకో కూలిపోతుంది. తనలాగే తొమ్మిదేళ్లు, పంతొమ్మిదేళ్లు, ఎవరి నిట్టూర్పులో వింటూ బతుకుతుంది. ఎలాగైనా ఆపకూడదు. ఆమెకు తెలిసిన దారి మాత్రం ఒకటే.

మర్నాడు బుజ్జి పనికి వెళ్లాక, బాగా వాడే నీలం టాపు తీసి పక్క కుట్లు విప్పింది. వేలి వెడల్పు గుడ్డ బయటికి వదిలింది.

రెండు రోజుల తర్వాత లోపలి గదిలోంచి కేక వినపడింది. "అమ్మా! ఇలా రా! చూడు, వదులైంది!" నడుం దగ్గర గుడ్డను చిటికెనవేలితో పట్టి లాగి చూపిస్తోంది. కళ్లల్లో నీళ్లు నిలిచాయి. "ఆ తూకం మిషనే పాడైపోయుంటుందే!" అని తల్లి మెడకు చుట్టుకుంది. ఆమెకు కడుపు నిండిపోయింది. చేసిన పని తప్పన్న ఊహ కూడా ఆ క్షణాన రాలేదు.

సాయంత్రం బుజ్జే ముందుగా చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

అంతటితో ఆగితే బాగుండేది. రెండు వారాలకోసారి ఒక టాపు, తర్వాత ఇంకోటి, ఆ పైన చుక్కల టాపు వరసగా వదులయ్యాయి. బుజ్జి ఇప్పుడు స్కూలు గేటు దాటి ఇంకో రెండు వీధులు నడిచేది. గోడకు చేతులానించి యాభైసార్లు వంగి లేచేది. వంటింటి తలుపు వెనక క్యాలెండరు మీద నెలసరి తేదీల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టేది. మొదటిదానికీ రెండోదానికీ నలభై ఒక్క రోజులు, తర్వాత ముప్పై అయిదు, ఆ తర్వాత ముప్పై రెండు. నిజం అక్కడే, తలుపు వెనకే ఉంది. బట్టలు వదులవుతున్న సంబరంలో కూతురు దాన్ని లెక్కచూడలేదు. కుట్లు విప్పే హడావుడిలో తల్లి చూడలేదు.

ఆరు నెలలకు పరీక్షకు వెళ్లారు. బుజ్జి గదిలో అడుగుపెడుతూనే, "రెండంగుళాలు తగ్గానండీ!" అంది.

నర్సు నడుం చుట్టూ టేపు పెట్టింది. చీటీలో పాత కొలత చూసింది. మళ్లీ పెట్టింది. "అంతే ఉందమ్మా. ఏం మారలేదు."

"మీ టేపు సరిగ్గా లేదు. మా అమ్మ టైలరు. అమ్మా, నువ్వు కొలిచి చూడు!"

ఆమె చెయ్యి తెలియకుండానే మెడ మీదికి పోయింది. టేపు ఇంట్లో ఉంది. మెడలో ఉన్నా పెట్టగలిగేది కాదు. బుజ్జి ఒక్క క్షణం తల్లి ముఖంలోకి చూసింది, ఆ చూపుతోనే సగం తెలిసిపోయింది. డాక్టరమ్మ రక్తపరీక్షల కాగితం తిరగేస్తూ, "కొలత సంగతి వదిలెయ్. చక్కెర దారిలోకొచ్చింది, నెలసరి దాదాపు నెలనెలా వస్తోంది. నీ నడక గట్టిగా పనిచేస్తోందమ్మాయ్" అని మెచ్చుకుంది. బుజ్జి చెవికి అందులో ఒక్క ముక్క ఎక్కలేదు.

ఇంటికొచ్చీ రాగానే నీలం టాపు తిరగేసి కిటికీ వెలుతురుకు పట్టింది. టైలరు ఇంట్లో పెరిగిన పిల్లకు ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. కుట్టు పక్కన పాత సూది కన్నాల వరస సన్నగా మెరిసింది. లోపల దాగిన గుడ్డ ఎండ తగలక ముదురు నీలంగా ఉంది. చుక్కల టాపు అంతే. మూడోది అంతే. ఆ తర్వాత పెట్టె లాగి, చిన్నప్పటి బట్టలు ఒక్కొక్కటీ బయటికి తీసింది. ఆరో తరగతి యూనిఫాం మీద కన్నాల వరసలు ఒకటి కాదు, మూడున్నాయి.

"అప్పట్నుంచా అమ్మా?"

తల్లి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఎవరైనా నవ్వుతారేమోనని... నీకు తెలిస్తే బాధపడతావని..."

"పన్నెండేళ్లప్పుడు తెలిసుంటే, పన్నెండేళ్లప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం కదా!" బుజ్జి గొంతు పెరగలేదు. అరిచినా బాగుండేది. "నా ఒళ్లు నాతో ఏదో చెబుతూనే ఉంది. ఆ మాట నా దాకా రాకుండా నువ్వు కుట్టేశావమ్మా. నిన్నటికి నిన్న అద్దం ముందు గంతులేశాను. నువ్వు అక్కడే నిలబడి చూశావు."

"నువ్వు నడక మానేస్తావని భయపడ్డానే తల్లీ."

"నేను నడిచింది నిజమే కదమ్మా. అది ఒక్కటీ నిజం. దాన్ని కూడా అబద్ధం చేశావు."

ఆమె వంగి, నేల మీదున్న ఆరో తరగతి యూనిఫాం చేతిలోకి తీసుకుంది.

మర్నాడు బుజ్జి బజారులో ఉన్న పెద్ద బట్టల కొట్టుకు వెళ్లి ముదురాకుపచ్చ టాపు ఒకటి కొనుక్కొచ్చింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రెడీమేడ్ బట్ట అది. వేసుకుంటే చంకల దగ్గర పట్టేసింది, నడుం దగ్గర లాగేసింది. విప్పి సరిచేస్తానన్న మాట తల్లి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆ వారంలోనే దుకాణానికి దగ్గర్లో ఉన్న ఆడవాళ్ల హాస్టల్లో చేరిపోయింది. వెళ్లేటప్పుడు ఆ ఆకుపచ్చ టాపే వేసుకుంది. అమ్మ కుట్టినవన్నీ మడతపెట్టి, పెట్టెలో సర్ది, ఇక్కడే వదిలింది.

తర్వాత కబుర్లన్నీ బస్సు డ్రైవరు గారి ద్వారానే. ఆయన రూటు హాస్టలు ముందునుంచే వెళ్తుంది. డ్యూటీ దిగి వచ్చి, చొక్కా గుండీలు విప్పుకుంటూ చెప్పేవాడు.

"కనపడిందే ఇవాళ. ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ పోతోంది. బస్సు నెమ్మది చేసి తలుపు తీశాను. ఎక్కమ్మా అన్నాను."

"ఎక్కిందా?"

"ఎక్కలేదు. నడుస్తాలే నాన్నా అని చెయ్యూపింది. వెనకాల వాళ్లు హారన్లతో నన్ను తినేశారనుకో."

"చిక్కిందా?"

"నేను టేపు పట్టుకుని బస్సు నడపనే" అనేవాడు. అని, ఆమె ముఖం చూసి, "బాగుంది. జోరుగా నడుస్తోంది" అని సర్దిచెప్పేవాడు. ఎన్నో ఏళ్లు ఊరుకోవడమే మంచితనం అనుకున్న మనిషి, ఇప్పుడు రోజుకు నాలుగు మాటలు మోసుకొచ్చేవాడు. ఆమె ఆ నాలుగు మాటల మీదే బతికేది. రెండుసార్లు హాస్టలుకు వెళ్లింది. బుజ్జి కిందికి దిగివచ్చింది, మంచినీళ్లిచ్చింది, పొడి పొడిగా మాట్లాడింది. పరాయివాళ్లతో ఎంత మర్యాదగా ఉంటారో అంత మర్యాదగా ఉంది. మూడోసారి వెళ్లడానికి ఆమెకు కాళ్లు రాలేదు.

నడక మాత్రం మానలేదు. మొదట్లో, మిల్లు మలుపులో కూతురు ఎదురొస్తుందేమోనన్న ఆశతో వెళ్లేది. తర్వాత ఒకనాడు తనంతట తానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి కుర్చీ అంచున కూర్చుంది.

"ఆరోజు మీరడిగితే లేదన్నానండీ. ఉండేది. నాకూ అంతే."

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. చక్కెర జబ్బు అప్పటికే వచ్చేసి ఉంది. ముప్పై అయిదేళ్లుగా ఒళ్లు ఆమెకు కూడా ఏదో చెబుతూనే వచ్చింది. విన్న పాపాన పోలేదు. అప్పట్నుంచి ఆ అరగంట ఆమె సొంతం కూడా అయింది. మిల్లు దగ్గర ఆగి, ఎవరూ లేకపోతే, పాట పాడగలనా అని నోరు తెరిచి చూసుకునేది.

బుజ్జి వెళ్లాక మిషన్ ముందు కూర్చుని కొత్త బట్టలు కత్తిరించడం ఆమెకు బరువైపోయింది. అంగుళం వదులుతున్నప్పుడల్లా చెయ్యి ఆగేది. అందుకని బజారులోని ఆ పెద్ద బట్టల కొట్టుతో మాట్లాడుకుని ఆల్టరేషన్ పని తెచ్చుకుంది. అక్కడ కౌంటరులో జనం ఇచ్చిన బట్టలకు చీటీలు గుచ్చి సంచీలో పంపుతారు. ఎవరి బట్టో తెలియదు. చీటీలో రాసింది చేసి పంపడమే. ఎవరికీ ఏమీ దాచక్కర్లేని పని.

పది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సంచీలో నాలుగు ప్యాంట్ల కింద ముదురాకుపచ్చ టాపు కనిపించింది.

అలాంటివి ఆ కొట్టులో వందలు అమ్ముంటారు. ఆమె కూడా అలాగే అనుకుని చేతిలోకి తీసుకుంది. కుడి భుజం మీద సంచీ పట్టీ రాసుకుని రంగు వెలిసింది. మెడ కింద రెండో గుండీ ఊడితే ఎవరో చేత్తో కుట్టుకున్నారు. గుండీ కింద దారాన్ని నాలుగు చుట్లు చుట్టి, కాడలాగా నిలబెట్టి, ముడి లోపలికి దూర్చేశారు. ఊళ్లో టైలర్లు రెండు చుట్లతో సరిపెడతారు. నాలుగు చుట్లు చుట్టడం ఆమె పద్ధతి. ఏడేళ్ల బుజ్జిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని నేర్పింది.

చీటీ విప్పింది. కొట్టువాళ్ల రాత. "నడుం దగ్గర రెండు అంగుళాలు లోపలికి. మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యాలి. లోపల ఏమీ వదలకూడదు." చివరి మాట కింద రెండు గీతలున్నాయి.

సంచీ తెచ్చిన మనిషి ఇంకా గుమ్మంలోనే సైకిలు స్టాండు వేసుకుంటున్నాడు.

"ఈ గీతలేంటి బాబూ?" అంది, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఆ అమ్మాయి మరీ మరీ చెప్పిందమ్మా. లోపల గుడ్డ మిగిలితే తీసుకోనంది. గీత పెట్టేదాకా కౌంటరు వదల్లేదు."

"ఎలా ఉంది?"

"ఎవరు, ఆ అమ్మాయా? ఎలా ఉండటమేంటి, బాగానే ఉంది. నడిచొచ్చినట్టుంది, చెమట తుడుచుకుంటూ నిలబడింది. అద్దంలో నడుం దగ్గర గుడ్డ పట్టుకుని చూసుకుని నవ్వుకుంది."

అతను వెళ్లాక ఆమె చాలాసేపు ఆ టాపును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండంగుళాలు. ఈసారి ఎవరూ కల్పించని, ఎవరూ దాచని రెండంగుళాలు. ఆ పిల్ల ఒంటరిగా నడిచి సంపాదించుకున్నవి. ఎదురుగా నిలబడి "అమ్మా, చూడు" అని చూపించాల్సినవి, చీటీ గుచ్చి సంచీలో వచ్చాయి. సంతోషమో దుఃఖమో తేల్చుకోలేక ఏడ్చింది. గుడ్డ మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని మరీ ఏడ్చింది.

తర్వాత లేచి ముఖం కడుక్కుంది. సుద్దతో గీత గీసింది. చీటీలో ఉన్న కొలతను మూడుసార్లు చూసుకుంది. నూలుపోగు ఎక్కువా తక్కువా కాకుండా కుట్టింది. ఆ తర్వాత కత్తెర తీసింది.

ఇరవై ఏడేళ్లలో ఆమె ఏ బట్టకూ లోపలి గుడ్డ కోయలేదు. కత్తెర నోరు తెరుచుకుని గుడ్డ అంచున ఆగిపోయింది. రేపు ఆ పిల్ల ఒళ్లు మళ్లీ మారొచ్చు. మారితే ఇక విప్పుకోవడానికి ఏమీ ఉండదు. కానీ అలా కావాలని అడిగింది ఆ పిల్లే, తన ఒంటి సంగతి తనకే ముందు తెలియాలని. ఆమె కళ్లు తుడుచుకుని కోసింది. అటొక పేలిక, ఇటొక పేలిక, రెండూ నేల మీద పడ్డాయి. వాటిని చెత్తలో వెయ్యనూ లేకపోయింది, దాచనూ లేకపోయింది. చివరికి మిగతా ముక్కలతో పాటు ఊడ్చేసింది.

సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ టాపు ఇస్త్రీ అయి, మడతలో ఉంది. ఆయన గుర్తుపట్టాడు. రోజూ బస్సు అద్దంలోంచి చూసే రంగు అది. జరిగిందంతా విన్నాడు. గుండీలను వేలితో నిమిరాడు.

"రేపు కనపడితే చెప్పనా? మీ అమ్మే కుట్టిందమ్మా అని?"

"వద్దండీ."

"ఎందుకే? సంతోషిస్తుందేమో. మనసు కరుగుతుందేమో."

ఆమె టాపును సంచీలో పెట్టి, చీటీ సరిగ్గా కనపడేలా పైకి గుచ్చింది.

"వద్దు. నేను కుట్టానని తెలిస్తే, మళ్లీ తిరగేసి చూస్తుంది."

ఆమె గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంది. నడకకు వేళయింది. ఆయన కూడా, యూనిఫాం చొక్కాతోనే, వెనకాల బయల్దేరాడు.